పైరు రంగును కొలిచి చూడండి



సార్వా నాట్లు పడి నెలా నెలా పదిహేను రోజులు అయ్యేసరికి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో ఏ గట్టు మీద నిలబడినా ఒకటే మాట వినబడుతుంది. "ఏమండీ, మా చేను పక్క చేనంత నల్లగా లేదు. ఇంకో బస్తా యూరియా చల్లమంటారా?" అని. వ్యవసాయ శాఖలో పనిచేసే ప్రతివారినీ రైతులు అడిగే ప్రశ్న ఇది. చూడడానికి చిన్న ప్రశ్న. కాని జవాబు తప్పితే ఏడాది కష్టం గంగలో కలుస్తుంది. అక్కరలేని యూరియా చల్లితే పైరు ఏపుగా పెరిగి, ఆకు మెత్తబడి, సుడిదోమకు, ఆకుముడతకు, పాముపొడకు, అగ్గితెగులుకు విందు పెట్టినట్లవుతుంది. అక్కర వున్నప్పుడు మానితే పిలకలు తగ్గి కంకులు తగ్గుతాయి. ఈ రెంటి మధ్య దారి ఎట్లా తెలుసుకోవాలి? ఆ సంగతే ఈ రోజు మీతో ముచ్చటించదలచాను.

మన పెద్దలకు కన్నే కొలబద్ద. అనుభవమున్న రైతు కన్ను గొప్పదే, కాదనను. కాని కన్ను కూడా మోసపోతుంది. తెల్లవారి మంచులో చూసిన పైరు వేరు, మిట్టమధ్యాహ్నం ఎండలో చూసినది వేరు. మబ్బు వేసిన రోజున పేల పైరు కూడా నల్లగా కనిపిస్తుంది. పక్క చేలో వేరే వంగడము వున్నదనుకోండి, దాని ఆకు పుట్టుకతోనే ముదురు రంగు కావచ్చును. దానితో మన సాంబమసూరిని పోల్చి, మన పైరు ఆకలితో వున్నదనుకోవడం, చామనఛాయ పిల్లవాడిని చూసి జబ్బు పడ్డాడనుకోవడం వంటిది. అందుచేత కంటికి తోడుగా ఒక కొలత కావలసి వచ్చింది.

ఆ కొలత ఎట్లా వచ్చిందో చెబుతాను. సూర్యుని వెలుగులో ఇంద్రధనుస్సులోని రంగులన్నీ వున్నాయని మీకు తెలుసు. ఆకులోని పత్రహరితము ఎర్రని వెలుగును, నీలపు వెలుగును తిని పిండిపదార్థము తయారుచేసుకుంటుంది. ఆకుపచ్చని వెలుగును అంతగా తినదు, కొంత తిరగగొడుతుంది. అందుకే ఆకు మనకు పచ్చగా కనబడుతుంది. ఇంతవరకు బడిపిల్లలు కూడా చెబుతారు. అయితే ఎరుపు దాటిన తరువాత మన కంటికి ఆనని వెలుగు ఒకటున్నది. దానిని పరారుణ కాంతి అంటారు. ఆరోగ్యంగా వున్న ఆకు ఈ కాంతిని చాలా తక్కువగా తింటుంది. ఆకు లోపలి కణాల అమరిక దానిని అద్దములాగా పైకి చిమ్మివేస్తుంది, సుమారు సగం వెనక్కు పోతుంది. మన కంటికే గనుక ఆ వెలుగు ఆనినట్లయితే, నిండుగా ఎదిగిన వరిచేను పచ్చగా గాక ధగధగా మెరిసిపోతూ కనిపించేది.

ఇక పైరుకు నత్రజని చాలలేదనుకోండి. పత్రహరితము తగ్గుతుంది. ఎర్రని వెలుగును తినే శక్తి తగ్గి, తిరిగి వచ్చే ఎరుపు పెరుగుతుంది. పిలకలు, ఆకులు తక్కువైనందువల్ల తిరిగి వచ్చే పరారుణ కాంతి తగ్గుతుంది. ఒకటి పెరుగుట, ఒకటి తరుగుట. ఈ రెంటినీ కొలిస్తే పైరు కడుపు నిండినదో లేదో తెలిసిపోతుంది. పరారుణములో నుండి ఎరుపును తీసివేసి, ఆ వచ్చినదానిని రెంటి మొత్తముతో భాగించాలి. దీనిని శాస్త్రజ్ఞులు ఎన్.డి.వి.ఐ. అంటారు. మనం పచ్చదనపు లెక్క అందాము.

ఒక లెక్క వేసి చూద్దాము. నిండుగా కమ్మిన వరిపైరు మీద 100 పాళ్ళ వెలుగు పడితే, పరారుణము 45 పాళ్ళు, ఎరుపు 5 పాళ్ళు తిరిగి వచ్చాయనుకోండి. 45లో 5 పోగా 40. రెండూ కలిపితే 50. నలభైని యాభైతో భాగిస్తే 0.8. అదే ఎండిన ఉత్త నేల మీద పరారుణము 30, ఎరుపు 20 వచ్చాయనుకోండి. పదిని యాభైతో భాగిస్తే 0.2. నిలిచిన నీటి మీద పరారుణము దాదాపు లేనట్లే, అందువల్ల లెక్క సున్నకు దిగువకు పోతుంది. కాబట్టి ఉత్త నేల నుండి నిండు పైరు వరకు ఈ అంకె మెట్టు మెట్టుగా ఎక్కుతూ వుంటుంది.

ఈ విద్య పూర్తిగా కొత్తది కాదు. 1970లో కేరళలో కొబ్బరితోటల మీద హెలికాప్టరులో తిరిగి, పరారుణ కాంతిని పట్టే ఫిల్ముతో ఫోటోలు తీశారు. ఆ పనికి పిషారటీగారు నాయకత్వం వహించారు. వేరు తెగులు పట్టిన చెట్లకు, మంచి చెట్లకు తేడా ఆ ఫోటోలలో బయటపడింది. మన దేశంలో దూరం నుండి పైరు ఆరోగ్యం చూసే విద్యకు అదే తొలి అడుగు. 1972లో అమెరికావారు లాండ్‌శాట్ ఉపగ్రహాన్ని పంపారు. ఆ తరువాత ఒకటి రెండు సంవత్సరాలలోనే ఈ పచ్చదనపు లెక్కను వాడుకలోకి తెచ్చారు. మన దేశం 1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్. 1ఎ ఉపగ్రహాన్ని పంపింది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు షాద్‌నగర్ దగ్గర ఉపగ్రహాల సమాచారము అందుకుంటారు. ఆకాశం నుండి చూసే ఈ చూపునే చేతిలో పట్టుకొనే పరికరముగా మార్చి, గట్టు మీదికి తెచ్చారు. దానిని పచ్చదనపు మీటరు అందాము.

ఈ మీటరు తన వెలుగును తానే పైరు మీదికి పంపి, తిరిగి వచ్చినదానిని కొలుస్తుంది. కనుక ఎండ వున్నా, మబ్బు వున్నా పెద్ద తేడా రాదు. పైరుకు రెండు నుండి నాలుగు అడుగుల ఎత్తున, వంగకుండా సమంగా పట్టుకోవాలి. మీట నొక్కి పట్టి పది పదిహేను అడుగులు తిన్నగా నడవాలి. మీట వదలగానే సగటు అంకె కనబడుతుంది. గట్టు పక్కన కొలవరాదు. ఆకు మీద మంచు గాని, వాన నీరు గాని ఆరిన తరువాతనే కొలవాలి. పొలంలో నాలుగైదు చోట్ల కొలిచి, తేదీ వేసి పుస్తకములో వ్రాసుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఒక్క అంకెను చూసి ఏమీ తేల్చవద్దు. 0.55 మంచిదా చెడ్డదా అని అడిగితే ఎవరూ చెప్పలేరు. నాటిన ఇరవయ్యో రోజున అది మంచిదే కావచ్చు, యాభయ్యో రోజున లోటు కావచ్చు. అందుచేత పోలికకు ఒక తూనికరాయి కావాలి. ఆ రాయిని మీ పొలములోనే మీరే తయారుచేసుకోవచ్చును. ఎట్లాగంటే, పొలమంతటికీ సరిపోలిన చోట, గట్టుకు కాస్త దూరంగా, 2 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవున ఒక మడి తీసి, చుట్టూ జానెడు గట్టు వేయండి. పిలక తొడిగే సమయంలో ఆ మడికి మామూలు ఎరువుతో పాటు అదనంగా 110 గ్రాముల యూరియా వేయండి. అది ఎకరానికి ఒక 45 కిలోల బస్తా లెక్క. అంటే ఆ మడిలోని పైరుకు నత్రజని ఆకలి లేదన్న మాట. మిగతా పొలాన్ని ఆ మడితో పోల్చి చూడండి.

మడిలో 0.64, పొలంలో 0.62 వచ్చిందనుకోండి. నూటికి 97 వంతులు వున్నట్లు. యూరియా బస్తా ఇంట్లోనే వుండనివ్వండి. పొలంలో 0.54 మాత్రమే వచ్చిందనుకోండి. నూటికి 84. పైరు అడుగుతున్నది, పెట్టండి. నూటికి 95 దాటితే ఆగవచ్చునని, 90కి తగ్గితే వేయాలని, మధ్యలో వుంటే నాలుగు రోజులాగి మళ్ళీ కొలవాలని సాధారణముగా పాటించే లెక్క.

ఇంతకంటె విలువైన సంగతి మరొకటి వున్నది. పొలమూ మడీ రెండూ తక్కువ చూపిస్తే ఏమని అర్థం? మడికి యూరియా సమృద్ధిగా ఇచ్చినా పచ్చబడలేదంటే, లోటు యూరియాది కాదన్న మాట. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే ఎన్నో బస్తాలు మిగులుతాయి. మన ప్రాంతంలోనే మూడు పొలాలు అనుకొని చూద్దాము.

మొదటిది తెనాలి వైపు నల్లరేగడి మాగాణి. నాటిన మూడు నాలుగు వారాలకు పైరు గిడసబారింది. మీటరులో పొలమూ తక్కువే, మడీ తక్కువే. వంగి ఆకు చూస్తే నడిమి ఈనె మొదట్లో తెల్లబారి, ముదురు ఆకుల మీద తుప్పు మచ్చలు. ఇది జింకు లోపము. ఏటేటా వరి మీద వరి వేసే నేలల్లో ఇది మామూలు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి అయిదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు పిచికారి చేస్తే పైరు తిరుగుతుంది. ఇక్కడ యూరియా చల్లితే డబ్బూ పోయె, పైరూ తిరగకపోయె.

రెండవది బాపట్ల వైపు ఇసుకపాలు ఎక్కువగా వున్న చేను. మడి బాగున్నది, పొలం తక్కువ. ఇది నిజమైన నత్రజని ఆకలి. ఇసుక నేల చిల్లుల కుండ వంటిది, పోసినది నిలవదు. ఒకేసారి బస్తా గుమ్మరిస్తే పైరుకు అందేది తక్కువ, అడుగుకు దిగిపోయేది ఎక్కువ. సగం బస్తా, సగం బస్తాగా విడదీసి, ఎక్కువ సార్లు వేయాలి.

మూడవది రేపల్లె దాటి సముద్రానికి దగ్గరగా, కాలువ చివర వున్న చేను. పొలమూ తక్కువే, మడీ తక్కువే. పల్లపు మూలన మరీ తక్కువ. ఆకు కొనలు ఎండి, నేల ఆరినచోట తెల్లని పొర. ఇది ఉప్పు. దీనికి మందు మంచినీరు, మురుగు సౌకర్యము. నిలిచిన నీరు తీసివేసి, కాలువ నీరు అందినప్పుడు కొత్త నీరు పెట్టి, మళ్ళీ తీసివేయాలి. ఉప్పు నీరు, చౌడు నేలల మీద పరిశోధన చేసే కేంద్రము బాపట్లలోనే వున్నది. మట్టి, నీరు పరీక్ష చేయించి వారి సలహా తీసుకోండి. ఉప్పుతో బాధపడే పైరుకు యూరియా పెట్టడం, దప్పికతో వున్నవాడికి ఊరగాయ పెట్టడమే.

చూశారా! మూడు పొలాలలోనూ పైరు పేలగానే వున్నది. గట్టు మీద నిలబడి చూసినవాడికి మూడూ ఒకటే. ముగ్గురూ యూరియాకే పరుగెత్తి వుండేవారు. అక్కర వున్నది ఒక్కరికే. మీటరు చెప్పేది పైరు సుఖంగా లేదన్న మాట మాత్రమే. ఎందుకు సుఖంగా లేదో చెప్పడానికి మడి కావాలి, వంగి ఆకు చూసే కన్ను కావాలి, బురదలో దిగే కాలు కావాలి. ఈ సంగతి రైతుకంటె ముందు, మీటరు చేతపట్టుకొని తిరిగే గ్రామ వ్యవసాయ సహాయకులు గుర్తుంచుకోవాలి.

ఈ మీటరుకు కొన్ని హద్దులున్నాయి. నాటిన కొత్తలో పైరు కంటె నీరే ఎక్కువ కనబడుతుంది గనుక అంకె తక్కువ వస్తుంది, భయపడవద్దు. కొలిచిన ప్రతిసారీ పొలంలోనూ మడిలోనూ నీరు ఒకే మట్టంలో వుండేటట్లు చూడండి. పైరు నేలను పూర్తిగా కమ్మిన తరువాత అంకె 0.8 దాటి ఇక కదలదు. అప్పుడు కొంచెం మంచి పైరుకు, చాలా మంచి పైరుకు తేడా తెలియదు. గింజ గట్టిపడే వేళ ఆకు పండి అంకె దానంతట అదే దిగుతుంది. అది చూసి యూరియా చల్లినవాడు, తల నెరిసినదని తాతకు పాలపీక పట్టినవాడే! కనుక పిలకలు తొడుగుతున్నప్పటి నుండి అంకురము ఏర్పడే దశ వరకు ఈ కొలతకు అసలైన అదను.

"మీటరు కొనే తాహతు మాకెక్కడిదండీ?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఒక్కొక్క రైతూ కొననక్కరలేదు. రైతు సేవా కేంద్రము గాని, సహకార సంఘము గాని, పదిమంది కలిసిన రైతు సంఘము గాని ఊరికి ఒకటి తెచ్చుకుంటే చాలును. అది కూడా లేనివారికి ఆకు రంగుల పట్టీ వున్నది. జపానులో పుట్టిన ఈ ఆలోచనను ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు మెరుగుపరచి దేశదేశాలకు పంచారు. బెత్తెడు ప్లాస్టిక్ పట్టీ మీద లేత పచ్చ నుండి ముదురు పచ్చ వరకు నాలుగో ఆరో గళ్ళుంటాయి. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, జేబులో పడుతుంది.

దానిని వాడే పద్ధతి ఇది. నాటిన 14 రోజుల తరువాత మొదలుపెట్టి, పూత వరకు వారం పది రోజులకొకసారి చూడాలి. ఉదయం 8 నుండి 10 గంటల మధ్య, ప్రతిసారీ ఒకే మనిషి చూడాలి. పొలంలో తెగులు లేని పది దుబ్బులు ఎన్నుకొని, ప్రతి దుబ్బులోనూ పూర్తిగా విచ్చిన పై ఆకును పట్టీ మీద ఆనించి, నడిమి భాగపు రంగు ఏ గడికి సరిపోయిందో చూడాలి. ఆకు మీద ఎండ పడకుండా మీ వీపు నీడ పట్టండి. ఆకు కోయవద్దు. పదింటిలో ఆరు, అంతకు మించి హద్దు గడికంటె పలుచగా వుంటే అప్పుడు ఎకరానికి సగం బస్తా, అనగా సుమారు 22 కిలోల యూరియా వేయాలి. అందులో 10 కిలోల నత్రజని వుంటుంది. ఆరు గళ్ళ పట్టీలో, నాట్లు వేసిన అధిక దిగుబడి రకాలకు సామాన్యముగా 4వ గడిని, సువాసన రకాలకు 3వ గడిని హద్దుగా తీసుకుంటారు. మీ వంగడానికి ఏది హద్దో బాపట్ల పరిశోధన స్థానమువారిని అడిగి తెలుసుకోండి. సాంబమసూరి అనే బి.పి.టి. 5204ను 1986లో దేశానికి ఇచ్చినది ఆ స్థానమే గదా! మొత్తం మీద సిఫారసు మోతాదు దాటవద్దు.

వేసేటప్పుడు నీరు తీసి, బురద పదునులో చల్లి, 36 నుండి 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టండి. నిండు నీటిలో చల్లిన యూరియా కొంత గాలికి, కొంత మురుగుకాలువకు పోతుంది. చల్లినదాంట్లో వరి తినేది నూటికి 30, 40 పాళ్ళేనని గుర్తుంచుకోండి.

ఇక ఆకాశం సంగతి ఒక మాట. ఐరోపావారి సెంటినెల్ 2 ఉపగ్రహాలు అయిదు రోజులకొకసారి మన పొలాల మీదుగా పోతూ 10 మీటర్ల గడిగా పచ్చదనము కొలుస్తాయి. ఆ గడి సుమారు రెండున్నర సెంట్లు. అంటే ఎకరానికి దాదాపు 40 గళ్ళు. ఈ సమాచారము ఎవరికైనా ఉచితమే. అయితే సార్వాలో మబ్బులు అడ్డం పడతాయి. కార్తీకం దాటి ఆకాశం తేటపడిన తరువాత, వరికోతల వెనుక వేసే మినుముకు, మొక్కజొన్నకు ఇది బాగా పనికివస్తుంది. మినుములో ఉన్నట్టుండి ఒక గడి పచ్చదనం తగ్గితే అక్కడికి వెళ్ళి చూడండి. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులో, బంగారు తీగో, తడి చాలకపోవడమో తెలుస్తుంది. బంగారు తీగ చారెడు జాగాలో వున్నప్పుడే మినుము మొక్కతో సహా పీకి కాల్చివేస్తే మిగతా చేను దక్కుతుంది. గింజ కట్టిన తరువాత చూస్తే వచ్చే ఏటికి కూడా విత్తనము వేసుకున్నట్లే.

చివరగా ఒక్క మాట. మన ప్రాంతంలో సేద్యం చేసేవారిలో చాలామంది కౌలుదార్లు. పంట పండినా ఎండినా కౌలు బస్తాలు కొలవవలసిందే. అటువంటి రైతుకు ఒక యూరియా బస్తా ఖర్చు ఒకటే ఖర్చు కాదు. దాని వెనుక సుడిదోమ మందు, దాని వెనుక కూలి, చివరకు పడిపోయిన పైరును కోయించడానికి రెట్టింపు కూలి, ఇట్లా ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అంత గాలికి ఏ పైరూ నిలవదు, నిజమే. కాని ప్రతి ఏటా కోతల ముందు వచ్చే మామూలు గాలివానకు ముందుగా పడేది యూరియా ఎక్కువై మెత్తబడ్డ పైరే. మితంగా తిన్న పైరు నిలబడుతుంది.

కనుక ఈసారి పక్క చేను నల్లగా కనిపించినప్పుడు బస్తా విప్పబోయే ముందు ఒక్క రోజు ఆగండి. పట్టీ తీసి పది ఆకులు చూడండి. మీటరు దొరికితే మడినీ పొలాన్నీ కొలవండి. అంకె వ్రాసుకోండి. పక్క చేను ఏమి తిన్నదో మనకెందుకు? మన చేను ఏమి అడుగుతున్నదో వినండి. అడిగినప్పుడు పెట్టండి, అడగనప్పుడు మానండి.